ప్యాట్సీ క్లైన్: ఆరేళ్లు కట్టిపడేసిన ఒక సంతకం

అమెరికా పల్లె పాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతంలో గాయని ప్యాట్సీ క్లైన్. ఆమె రికార్డింగ్ జీవితం ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మొదటి సెషన్ 1955 జూన్ 1న, చివరిది 1963 ఫిబ్రవరి 7న. ఆ తర్వాత నెల తిరక్కముందే విమాన ప్రమాదంలో 30 ఏళ్లకే చనిపోయింది. ఈ కొద్ది కాలంలో రికార్డు చేసిన పాటలు సుమారు వంద. వాటిలో సగం ఒక కాంట్రాక్టు కింద, మిగతా సగం ఇంకో కాంట్రాక్టు కింద పాడింది. గొంతు అదే, పాటలు తయారు చేసిన ప్రొడ్యూసర్ ఒక్కడే, ఊరు చాలావరకు కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్, వాయిద్యాల దగ్గర కూర్చున్నవాళ్లు కూడా చాలావరకు వాళ్లే. అయినా మొదటి సగంలో పెద్ద హిట్ ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. రెండో సగంలో వచ్చిన పాటల్ని అరవై ఏళ్లు దాటినా జనం ఇంకా వింటున్నారు. ఇంత తేడా ఎక్కడ పడింది అన్నదే ఆమె కెరీర్‌లో అసలు ప్రశ్న. ఆమె గురించి వచ్చే రాతలు ఎక్కువగా కారు ప్రమాదం, విమాన ప్రమాదం, చిన్న వయసులో చావు దగ్గరే ఆగిపోతాయి. ఆమె బతికినన్నాళ్లూ పోట్లాడింది మంచి పాట కోసం, చేసిన పనికి డబ్బు కోసం. ఆ పోరాటం పక్కన పడిపోతోంది.

అసలు పేరు వర్జీనియా ప్యాటర్సన్ హెన్స్‌లీ. 1932 సెప్టెంబర్ 8న వర్జీనియా రాష్ట్రంలోని వించెస్టర్‌లో పుట్టింది. తండ్రి కమ్మరి పని చేసేవాడు, తల్లి హిల్డా బట్టలు కుట్టేది. పెళ్లినాటికి హిల్డాకి 16 ఏళ్లు, ఆయనకి నలభై దాటాయి. పని ఎక్కడ దొరికితే అక్కడికి సామాను కట్టుకుని తిరిగి తిరిగి, చివరికి వించెస్టర్‌లోని సౌత్ కెంట్ స్ట్రీట్‌లో ఒక చిన్న ఇంట్లో స్థిరపడ్డారు. ప్యాట్సీ ఇంకా టీనేజ్‌లో ఉండగానే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. దాంతో ఆ పిల్ల బడి మానేసి, మందుల షాపులో కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు అందించే కౌంటర్‌లో పనికి కుదిరింది. పగలు ఆ పని, రాత్రి ఎక్కడ పిలిస్తే అక్కడ పాట. స్టేజీ మీద వేసుకునే కౌగర్ల్ (పశువుల కాపరి అమ్మాయి) డ్రెస్సులన్నీ తల్లి కుట్టినవే, వాటి అంచులకి కుచ్చులు కూడా ఆవిడే వేసేది. పదమూడేళ్ల వయసులో గొంతు ఇన్‌ఫెక్షన్, రుమాటిక్ జ్వరం వచ్చి ఆస్పత్రి పాలైంది. కోలుకున్నాక గొంతు ఒక్కసారిగా బలంగా, బరువుగా మారిందని తర్వాత ఆమే చెప్పేది. సంగీతం ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకోలేదు, నోట్స్ చదవడం రాదు. విని పట్టుకోవడమే.

పదిహేనేళ్ల ప్రాయంలోనే ఊళ్లోని డబ్ల్యూఐఎన్‌సీ రేడియో స్టేషన్‌కి తనంతట తానే వెళ్లి పాడే అవకాశం అడిగింది. 1948లో నాష్‌విల్ వెళ్లి గ్రాండ్ ఓల్ ఓప్రీకి ఆడిషన్ ఇచ్చింది. ఓప్రీ అంటే 1925 నుంచి డబ్ల్యూఎస్ఎమ్ రేడియోలో వస్తున్న లైవ్ షో. కంట్రీ పాట పాడేవాళ్లకి అప్పట్లో అంతకు మించిన గుర్తింపు లేదు. ఆడిషన్ అయ్యాక వాళ్ల నుంచి పిలుపేమీ రాకపోవడంతో వించెస్టర్ తిరిగొచ్చి మళ్లీ కౌంటర్‌లో నిలబడింది. 1952లో మేరీల్యాండ్‌లో బ్యాండ్ నడుపుతున్న బిల్ పీర్ ఆమెని తన బృందంలోకి తీసుకున్నాడు. వర్జీనియా అనే పేరు స్టేజీకి బాగోదని, ప్యాటర్సన్ లోంచి ప్యాట్సీ అనే పేరు తీసింది కూడా ఆయనే. క్లైన్ అనేది 1953లో పెళ్లి చేసుకున్న మొదటి భర్త జెరాల్డ్ క్లైన్ ఇంటిపేరు. ఆ పెళ్లి నాలుగేళ్లలో ముగిసింది గానీ పేరు మాత్రం ఉండిపోయింది.

అప్పట్లో ఆడవాళ్లకి కంట్రీ సంగీతంలో చోటు ఎంత ఇరుకో తెలిస్తేగానీ తర్వాతి కథ అర్థం కాదు. మగ గాయకుడి పేరు మీద నడిచే బ్యాండ్‌లో మధ్యలో రెండు పాటలు పాడి పక్కకి తప్పుకునే అమ్మాయి, లేదంటే కుటుంబ బృందంలో కూతురో భార్యో. ఆడవాళ్ల రికార్డులు అమ్ముడుపోవని కంపెనీలు గట్టిగా నమ్మేవి. 1952లో కిట్టీ వెల్స్ అనే గాయని పాట కంట్రీ చార్టులో, అంటే పాటల ఆదరణ పట్టికలో, నంబర్ వన్‌కి వెళ్లింది. ఒక సోలో గాయని ఆ చార్టులో పైమెట్టు ఎక్కడం అదే మొదటిసారి. ఆ తర్వాత తలుపు కొంచెం తెరుచుకుంది, అంతే. ఒక గాయనికి ఏదైనా కంపెనీ కాంట్రాక్టు ఇవ్వడమే గొప్ప అనుకునే రోజులవి. కాబట్టి ముందుకొచ్చిన కాగితాన్ని లాయర్‌కి చూపించి, షరతుల మీద బేరమాడే పరిస్థితి 22 ఏళ్ల ప్యాట్సీకి లేదు.

1954 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాకి చెందిన ఫోర్ స్టార్ రికార్డ్స్‌తో ఆమె సంతకం పెట్టింది. కంపెనీ యజమాని బిల్ మెకాల్. రాయల్టీ 2.34 శాతం, అంటే అప్పట్లో గాయకులకి మామూలుగా ఇచ్చేదాంట్లో సగం. ఆ సగంలోంచి కూడా రికార్డింగ్ ఖర్చులు ముందు కోత పడతాయి. స్టూడియో అద్దె, వాయిద్యాలు వాయించినవాళ్ల జీతాలు అన్నీ ఆమె ఖాతాలోకే. ఇవన్నీ డబ్బుకి సంబంధించిన షరతులు, బాధాకరమే గానీ చాలామందికి జరిగినవే. ప్రాణం మీదికి తెచ్చింది ఇంకో షరతు. ఫోర్ స్టార్ పబ్లిషింగ్ హక్కులున్న పాటలు మాత్రమే ఆమె పాడాలి. బయటి పాట ఎంత బాగున్నా ముట్టుకోవడానికి లేదు.

ఈ షరతు వెనక ఉన్న లెక్క చూస్తే మెకాల్ ఎందుకంత పట్టుబట్టాడో తెలుస్తుంది. రికార్డు అమ్ముడైతే గాయకుడికి వెళ్లే రాయల్టీ వేరు, పాట హక్కుదారుకి వెళ్లే డబ్బు వేరు. అమెరికా చట్టం ప్రకారం అమ్ముడైన ప్రతి రికార్డు మీదా ఒక్కో పాటకి 2 సెంట్లు హక్కుదారుకి కట్టాలి. 1909లో పెట్టిన ఆ రేటు 1978 దాకా మారలేదు. ఆ రెండు సెంట్లని పబ్లిషరూ రచయితా పంచుకుంటారు. సింగిల్ అనే చిన్న రికార్డుకి రెండు వైపులా ఒక్కో పాట ఉంటుంది కాబట్టి రెండూ తన కంపెనీవే అయితే పబ్లిషర్ వాటా రెండింటికీ వస్తుంది. పైగా డబ్ల్యూ. ఎస్. స్టీవెన్సన్ అనే మారుపేరుతో చాలా పాటలకి రచయితల పక్కన తన పేరూ వేయించుకునేవాడు, అంటే రచయిత వాటాలోనూ ముక్క. సెషన్ ఖర్చు గాయని రాయల్టీ లోంచి పోతుంది. ఇలాంటి ఏర్పాటులో యజమానికి మంచి పాట వెతకాల్సిన అవసరం పెద్దగా ఉండదు. హిట్ కొడితే సరే, లేకపోయినా ఆయనకి పోయేది తక్కువ. ఫ్లాప్ అయిన ప్రతిసారీ నష్టం మోసేది గాయనే, డబ్బులోనూ పేరులోనూ. కాంట్రాక్టులో ఒక్క వాక్యం ఒక మనిషి కళని ఎంత మేర నిర్ణయించగలదో దీనికి మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

రికార్డులు తయారు చేసి అమ్మే పని మాత్రం ఫోర్ స్టార్ సొంతంగా చేయలేదు. పెద్ద కంపెనీ డెక్కాకి లీజుకిచ్చింది. మొదట్లో డెక్కాకే చెందిన కోరల్ లేబుల్ మీద, తర్వాత డెక్కా మీద రికార్డులు వచ్చాయి. ఈ ఏర్పాటు వల్ల ఒక మంచి జరిగింది. నాష్‌విల్‌లో డెక్కా పనులు చూసే ఓవెన్ బ్రాడ్లీ చేతికి ఆమె పాటలు వెళ్లాయి. బ్రాడ్లీ పియానో వాయించేవాడు, డాన్స్ బ్యాండ్ నడిపినవాడు. కంట్రీతో పాటు పాప్, జాజ్ రెండూ తెలిసిన మనిషి. తమ్ముడు హెరాల్డ్‌తో కలిసి సిక్స్‌టీంత్ అవెన్యూ సౌత్‌లో ఒక పాత ఇల్లు కొని, దాని వెనక మిలిటరీ వాళ్లు వాడే గుండ్రటి పైకప్పు రేకుల షెడ్డు వేసి స్టూడియో పెట్టాడు. ఈ రోజు మ్యూజిక్ రో అని పిలిచే ప్రాంతం ఆ షెడ్డు చుట్టూనే పెరిగింది. బ్రాడ్లీకి ప్యాట్సీ గొంతు విలువ మొదటి రోజే తెలిసింది. కానీ ఆ గొంతులో పెట్టడానికి సరైన పాట చేతిలో లేదు. దాంతో ఉన్న పాటల్నే రకరకాలుగా ప్రయత్నించాడు. బార్లలో వినపడే హాంకీటాంక్, కంట్రీకి రాక్ అండ్ రోల్ కలిపి కొత్తగా వచ్చిన రాకబిల్లీ, చర్చి పాటలు, మెత్తటి పాప్ ఇలా అన్నీ. ఫోర్ స్టార్ కాంట్రాక్టు కింద పాడిన ఆ 51 పాటలు వరసగా వింటే ఒక గాయని తనకి తగిన చొక్కా కోసం వేరేవాళ్ల అల్మారాలో వెతుక్కుంటున్నట్టే ఉంటుంది.

ఆ 51లో నిలబడింది 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్'. 1956 నవంబర్‌లో రికార్డు చేసిన ఈ పాట మొదట పాప్ గాయని కే స్టార్ కోసం అనుకున్నది. ప్యాట్సీకి ఇది అస్సలు నచ్చలేదు, ఉత్త పాప్ పాట అని కొట్టిపారేసింది. చివరికి తనకి ఇష్టమైన ఇంకో పాట కూడా రికార్డు చేయడానికి ఒప్పుకుంటేనే పాడింది. 1957 జనవరి 21న సీబీఎస్ టీవీలో ఆర్థర్ గాడ్‌ఫ్రీ నడిపే టాలెంట్ షోకి వెళ్లింది. ఆ షోలో పోటీదారుని ఒక 'టాలెంట్ స్కౌట్' పరిచయం చేయాలి, ప్యాట్సీని పరిచయం చేసిన స్కౌట్ మాత్రం తల్లి హిల్డానే. షో వాళ్లు కౌగర్ల్ డ్రెస్ వద్దన్నారు, ఆమె పాడదామనుకున్న పాట కూడా వద్దని 'వాకిన్' పాడమన్నారు. పాడింది, గెలిచింది. హడావిడిగా రికార్డు బయటికి తెస్తే కంట్రీ చార్టులో 2వ స్థానానికి, పాప్ చార్టులో 12వ స్థానానికి వెళ్లింది. ఒక కంట్రీ గాయని పాట పాప్ వైపు అంత దూరం పోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు.

దాని తర్వాత దాదాపు మూడున్నరేళ్లు ఏమీ లేదు. పేరు దేశమంతా తెలిసింది, టీవీలో కనిపించింది, అదే ఏడాది ఆగస్టులో మొదటి ఆల్బమ్ వచ్చింది, వరసగా సింగిల్స్ వచ్చాయి, ఒక్కటీ చార్టు ఎక్కలేదు. 1957 సెప్టెంబర్‌లో చార్లీ డిక్‌ని రెండో పెళ్లి చేసుకుంది, మరుసటి ఏడాది కూతురు పుట్టింది, 1959లో కాపురం నాష్‌విల్‌కి మార్చారు. డబ్బు కటకట. రాయల్టీ అంతా ఖర్చుల కోతకే సరిపోయేది కాబట్టి షోలు చేస్తేనే ఇల్లు గడిచేది. ఈ రోజుల్లోనే ఆమెకి ఒక పట్టుదల వచ్చింది. డబ్బు చేతిలో పడ్డాకే స్టేజీ ఎక్కుతానని నిర్వాహకులకి ముఖం మీదే చెప్పేది. చాలామంది నిర్వాహకులు గాయకుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లని, షో అయ్యాక డబ్బివ్వకుండా తిప్పించుకునే కాలంలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆమెని గయ్యాళి అన్నవాళ్లు ఉన్నారు గానీ, ఆ మాట అడిగే హక్కు పూర్తిగా ఆమెది.

ఈ మూడున్నరేళ్ల నష్టం మొత్తం మెకాల్ ఖాతాలో వేయడం కూడా సరికాదు. 1956 నుంచి ఎల్విస్ ప్రెస్లీ, రాక్ అండ్ రోల్ దెబ్బకి కంట్రీ మార్కెట్ కుదేలైంది, కుర్రకారు అటు వెళ్లిపోయారు. రేడియో స్టేషన్లు కంట్రీ పాటలు తగ్గించేశాయి. పరిశ్రమ పెద్దలు 1958లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ పెట్టుకోవాల్సి వచ్చిందంటే ఆ భయం వల్లే. దానికి నాష్‌విల్ వెతుక్కున్న దారి ఏంటంటే, పల్లె శైలిలో వాయించే ఫిడేల్, తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించే స్టీల్ గిటార్ వెనక్కి తగ్గించి, మెత్తటి కోరస్, పియానో, కొన్నిసార్లు వయొలిన్ల బృందం పెట్టి, పెద్దవాళ్లు వినే పాప్‌కి దగ్గరగా పాట చేయడం. ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీలో చెట్ ఆట్కిన్స్, డెక్కాలో బ్రాడ్లీ ఈ పద్ధతికి ముఖ్యులు. తర్వాత దీనికే నాష్‌విల్ సౌండ్ అని పేరొచ్చింది. ఇది ఒక్కరోజులో తయారైంది కాదు, 1957 నుంచి 1960 దాకా జిమ్ రీవ్స్ లాంటి గాయకుల రికార్డుల్లో నెమ్మదిగా రూపం తెచ్చుకుంది. కాబట్టి 1957లోనే ప్యాట్సీకి స్వేచ్ఛ వచ్చి ఉంటే వెంటనే అంతా మారిపోయేదని చెప్పలేం. ఆమెకి సరిపోయే పాటలు రాసిన రచయితల్లో ముఖ్యులు కూడా నాష్‌విల్ చేరింది 1960కి కాస్త అటూ ఇటూనే. అయినా ఒక మాట మాత్రం ఖాయం. వాళ్లు 1957లోనే వచ్చి ఉన్నా ఆమె వాళ్ల పాటలు పాడగలిగేది కాదు, ఎందుకంటే వాటి హక్కులు ఫోర్ స్టార్‌వి కావు.

1960 జనవరిలో ఓప్రీ సభ్యత్వం వచ్చింది. పన్నెండేళ్ల కిందట పిలుపు రాని గుమ్మం అది. ఆ ఏడాదే ఫోర్ స్టార్ గడువు ముగిసింది, మేనేజర్ ర్యాండీ హ్యూస్ సాయంతో నేరుగా డెక్కాతో కాంట్రాక్టు కుదిరింది. మొదటి సెషన్ 1960 నవంబర్ 16న. ఆ రోజు పాడిన వాటిలో ఒకటి 'ఐ ఫాల్ టు పీసెస్', రాసింది హ్యాంక్ కాక్రన్, హార్లన్ హోవర్డ్. వాళ్లు ప్యాంపర్ మ్యూజిక్ అనే పబ్లిషింగ్ సంస్థకి రాసేవాళ్లు. పాత కాంట్రాక్టు నడుస్తుంటే ఆ పాట ఆమె దాకా వచ్చేదే కాదు. ఈ పాటని బ్రెండా లీ, రాయ్ డ్రస్కీ అనే ఇద్దరు గాయకులు అప్పటికే వద్దన్నారు. ప్యాట్సీకీ మనసొప్పలేదు. వెనక ఎల్విస్‌కి పాడే జోర్డనేర్స్ బృందం నిలబడి ఉంటే, నలుగురు మగవాళ్ల గొంతుల్లో తన గొంతు మునిగిపోతుందని బెంగ పెట్టుకుంది. బ్రాడ్లీ పాటని నిదానంగా, కాస్త ఊగుతున్నట్టుండే నడకలో పెట్టించాడు. ఆమె తగ్గించి పాడింది. అరవాల్సిన చోట అరవకుండా ఆపుకుంది. ఆ రోజు స్టూడియోలో జరిగిన అసలు మార్పు ఇదే అనిపిస్తుంది.

1961 జనవరిలో విడుదలైన ఆ పాట మెట్టు మెట్టుగా ఏడు నెలలు ఎక్కి, ఆగస్టులో కంట్రీ నంబర్ వన్ అయింది. పాప్‌లో 12. అలా ఎక్కుతుండగానే జూన్ 14న నాష్‌విల్‌లో ఎదురుగా వస్తున్న కారు గుద్దుకుని ప్యాట్సీ ఎగిరి ముందు అద్దానికి బలంగా కొట్టుకుంది. నుదురు అడ్డంగా చీలిపోయింది, మణికట్టు విరిగింది, తుంటి ఎముక కీలు తప్పింది. నెల రోజులు ఆస్పత్రిలో ఉంది. అప్పుడే నాష్‌విల్‌కి కొత్తగా వచ్చిన లొరెట్టా లిన్ రేడియోలో 'ఐ ఫాల్ టు పీసెస్' పాడి ఆమెకి అంకితమిస్తే, ఆస్పత్రి మంచం మీద విన్న ప్యాట్సీ ఆ అమ్మాయిని పిలిపించుకుంది. అక్కడ మొదలైన స్నేహం చివరిదాకా సాగింది. కొద్ది రోజులకే చంకకర్రలతో స్టేజీ ఎక్కింది.

ఆగస్టు 21న, ఇంకా నొప్పులు తగ్గకుండానే, 'క్రేజీ' సెషన్. రాసినవాడు విల్లీ నెల్సన్, అప్పటికి ఇంకా పెద్దగా ఎవరికీ తెలియని రచయిత. నెల్సన్ డెమోలో, అంటే పాట వినిపించడానికి చేసిన నమూనా రికార్డులో, తాళానికి ముందో వెనకో మాట్లాడుతున్నట్టు పాడాడు. ఆ తీరు ప్యాట్సీకి చిరాకు తెప్పించింది, ఈ పాట నాకొద్దు అంది. మామూలుగా మూడు గంటల సెషన్‌లో మూడు నాలుగు పాటలు పూర్తి చేసే నాష్‌విల్‌లో ఈ ఒక్క పాట మీదే నాలుగు గంటలు గడిచాయి. పైస్వరాలు అందుకోబోతే పక్కటెముకలు నొప్పి. బ్రాడ్లీ వాయిద్యాల భాగం మాత్రం ముగించి ఆమెని ఇంటికి పంపించాడు. కొంచెం తేరుకున్నాక వచ్చి ఆ వాయిద్యాల మీద ఒక్క టేక్‌లో పాడేసింది. గాయకులూ వాయిద్యాలూ ఒకే గదిలో, ఒకేసారి రికార్డు చేయడమే అప్పటి అలవాటు. గొంతుకి విడిగా ఇంకో ట్రాక్ ఉంచే టేపు మెషీన్ ఉండబట్టే ఇది కుదిరింది. ఆ టేక్‌లో ఆమె నెల్సన్‌ని అనుకరించలేదు. అయినా తాళానికి కాస్త వెనక నడిచే ఆ గుణాన్ని తన పద్ధతిలో ఉంచుకుంది. పదం మొదట్లో జారుతూ దిగి, మధ్యలో నిలబెట్టి, చివర గొంతు తడబడబోతోంది అనిపించేలోపు వదిలేస్తుంది. ఫ్లాయిడ్ క్రేమర్ పియానో మధ్యమధ్యలో వచ్చి ఆమెకి ఊపిరి తీసుకునే చోటిస్తుంది. కంట్రీలో 2, పాప్‌లో 9, ఆమె పాప్ చార్టులో ఎక్కిన అన్నిటికంటే పై మెట్టు ఇదే.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన నిజం ఒప్పుకోవాలి. 'వాకిన్', 'ఐ ఫాల్ టు పీసెస్', 'క్రేజీ' మూడూ మొదట ఆమె వద్దన్న పాటలే. తనని తాను కంట్రీ గాయనిగానే చూసుకుంది. గొంతుని ఒక్కసారిగా పైకీ కిందికీ విరుస్తూ పాడే యోడెలింగ్ చేయాలని, స్టీల్ గిటార్ మోగాలని, పాట పరుగెత్తాలని ఆమె కోరిక. కాబట్టి 'స్వేచ్ఛ వచ్చాక తనకి నచ్చింది పాడి గెలిచింది' అనే కథ సరిపోదు. వచ్చిన స్వేచ్ఛ నిజానికి పాట ఎంపికకి వచ్చింది. నాష్‌విల్‌లోని ప్రతి రచయిత పాటా ఆమె టేబుల్ మీదికి రావచ్చు, బ్రాడ్లీ వాటిలోంచి ఏరవచ్చు, ఆమె కాదనవచ్చు, ఇద్దరూ వాదించుకోవచ్చు. ఆ వాదనలోంచే ఆ సౌండ్ పుట్టింది. ఆయన ఒక్కడి మాటే నెగ్గి ఉంటే ఆ పాటలు మరీ నునుపుగా, మామూలు పాప్‌లా తేలిపోయేవి. ఆమె మాటే నెగ్గి ఉంటే ఊరి డాన్స్ హాళ్లు దాటి వెళ్లేవి కావేమో. పాప్ వేషంలో ఉన్న ఆ పాటల్లో కంట్రీ మిగిలింది ఆమె గొంతులో మాత్రమే, అందుకే అవి పాతబడలేదు.

దీన్ని పరీక్షించి చూసుకునే వీలు కూడా ఉంది. 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్'ని 1961లో 'షోకేస్' ఆల్బమ్ కోసం ఆమె మళ్లీ పాడింది. 1956 నాటి దానిలో కంట్రీ దిగ్గజం హ్యాంక్ విలియమ్స్ బ్యాండ్‌లో పనిచేసిన డాన్ హెల్మ్స్ స్టీల్ గిటార్ ముందుకొచ్చి మోగుతుంది, ఆమె గొంతు పోటీ పడి ముందుకి దూకుతుంది. 1961 దానిలో జోర్డనేర్స్ వెనక నుంచి మెత్తగా ఊదుతుంటే ఆమె తొందర లేకుండా, మైక్‌కి దగ్గరగా ఎవరికో చెప్పుకుంటున్నట్టు పాడుతుంది. ఐదేళ్లలో గొంతు ముదిరింది కూడా, కాదనలేం. ఈ రెంటిలో మొదటిదే ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల వాదనలో బలముంది. ఆ ఉరుకు రెండోదాంట్లో లేదు. కానీ పాటలోని ఒంటరితనం నమ్మబుద్ధయ్యేది మాత్రం రెండోసారి పాడినప్పుడే.

1961 నవంబర్‌లో ఓప్రీ బృందంతో న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడింది. డిసెంబర్‌లో రికార్డు చేసిన, కాక్రన్ రాసిన 'షీజ్ గాట్ యూ' 1962లో నంబర్ వన్ అయింది. ఈసారి మాత్రం పాట వినగానే నచ్చింది. ఆ ఏడాది చివర్లో లాస్ వెగాస్‌లోని మింట్ క్యాసినోలో వారాల తరబడి షోలు చేసింది. నాష్‌విల్ శివారు గుడ్‌లెట్స్‌విల్‌లో సొంత ఇల్లు కొనుక్కుంది. డబ్బు కాస్త చేతిలో ఆడగానే కొత్తగా వచ్చిన గాయనులకి చేయూతనిచ్చింది. లొరెట్టా లిన్, డాటీ వెస్ట్ లాంటివాళ్లకి బట్టలు, సరుకులు, ఒక్కోసారి అద్దె డబ్బులు కూడా ఇచ్చిన సంగతి వాళ్లే చెప్పుకున్నారు. పోటీ అనుకోవాల్సినవాళ్లకి అలా నిలబడటం ఆ పరిశ్రమలో అరుదు.

1963 ఫిబ్రవరి 4 నుంచి 7 దాకా నాలుగు రోజులు వరసగా స్టూడియోలో ఉంది. 'స్వీట్ డ్రీమ్స్', 'ఫేడెడ్ లవ్' అప్పటివే. నిండా వయొలిన్లు, ఇదేం కంట్రీ అని అడిగేంత. అయితే 'ఫేడెడ్ లవ్' చివర ఆఖరి మాటకి ముందు ఆమె తీసుకున్న ఊపిరి చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. తీసేయవచ్చు, ఉంచేశారు. ఆ పాటలు బయటికి రాకముందే, మార్చి 3న కాన్సస్ సిటీలో, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక రేడియో డీజే కుటుంబం కోసం పెట్టిన సహాయ ప్రదర్శనలో జలుబుతో బాధపడుతూనే మూడు షోలు పాడింది. మరునాడు పొగమంచుతో విమానాలు ఎగరలేదు. డాటీ వెస్ట్ తమ కారులో రమ్మంటే వద్దంది. 5వ తేదీన ర్యాండీ హ్యూస్ నడిపే చిన్న పైపర్ కొమాంచీ విమానంలో, కౌబాయ్ కోపస్, హాక్‌షా హాకిన్స్ అనే ఇద్దరు గాయకులతో కలిసి బయలుదేరింది. డయర్స్‌బర్గ్‌లో ఆగారు, అక్కడ వాతావరణం బాగోలేదని చెప్పినా మళ్లీ ఎక్కారు. టెనెసీలోని కామ్డెన్ దగ్గర అడవిలో విమానం కూలి నలుగురూ చనిపోయారు. బయటికి చూసి నడపడమే తప్ప మబ్బుల్లో మీటర్ల ఆధారంగా నడిపే శిక్షణ లేని పైలట్ మబ్బుల్లోకి వెళ్లడమే కారణమని దర్యాప్తులో తేలింది. శిక్షణ లేకపోవడం, ఇంటికి చేరాలన్న తొందర రెండూ కలిసినప్పుడు జరిగేదే జరిగింది, దీనికి విధి అనే మాట అవసరం లేదు.

ఆమె పోయాక ఏమైందో చూస్తే ఆ రెండు కాంట్రాక్టుల కథ ఇంకా అయిపోలేదని తెలుస్తుంది. 1967లో డెక్కా పన్నెండు పాటలతో వేసిన 'గ్రేటెస్ట్ హిట్స్' అమెరికాలోనే కోటి కాపీలు దాటి అమ్ముడైంది. 1973లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. సోలో గాయనుల్లో ఆ గౌరవం దక్కిన మొదటి మనిషి ఆమే. ఇంకోవైపు ఫోర్ స్టార్ కాలపు 51 పాటల మాస్టర్లు (అసలు టేపులు) చేతులు మారుతూ లెక్కలేనన్ని చవక రకం ఆల్బమ్‌లుగా వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. ఒకే పాటలు, వేరే వేరే అట్టలు. అందుకే స్ట్రీమింగ్ యాప్‌లో ఆమె పేరు కొడితే చాలాసార్లు ముందుగా తగిలేది ఆ బలహీనమైన సగమే. అవి నాలుగు విని, ఇంతేనా ఈమె అని వదిలేసినవాళ్లు ఉంటే తప్పు వాళ్లది కాదు. పాట పక్కన రికార్డు చేసిన సంవత్సరం చూసుకోవాలి, 1960 నవంబర్ తర్వాతవి ముందు వినాలి, 'షోకేస్', 'సెంటిమెంటల్లీ యువర్స్' రెండు ఆల్బమ్‌లూ పూర్తిగా వినాలి. ఆ తర్వాత వెనక్కి వెళ్లి 1955, 56 పాటలు వింటే, రాతలో ఏమీ లేని పాటల్లోంచి కూడా ఆ గొంతు ఏదో ఒకటి రాబట్టాలని ఎంత గింజుకుందో తెలుస్తుంది.